శాసనమునకు ముందు చెప్పవలసిన మాట

(గౌలిగూడలో జరిగిన నాయీబ్రాహ్మణ సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



కులసభలయందు పూర్వవైభవమును గూర్చియు, విద్యాభివృద్ధిని గూర్చియు, ఐకమత్యమును గూర్చియు ప్రసంగించుట పరిపాటి. అవి అవశ్యము చెప్పదగినవే. నాకంటె పెద్దలు వానిని గూర్చి చెప్పియున్నారు, ఇంకను చెప్పగలరు. నేను నేడెన్నుకొన్న విషయము వినుటకు కొంత నీరసముగా తోచవచ్చును. ప్రభుత్వమునకును శాసనసభకును సలహా చెప్పుటకై చట్టముచేత నేర్పడిన మండళ్ళను గూర్చియు, కమీషనులను గూర్చియు మాటాడదలచితిని. అయినను మన కొట్టులో వెలుగు దీపమునకు నెల కెంత చెల్లింపవలయునో, మన బిడ్డకు కళాశాలలో చోటు దొరకునో దొరకదో, ఆ నిర్ణయములకు మూలము ఈ మండళ్ళలోనే యున్నది. కాబట్టి కొంచెము ఓపికతో వినవలసినదిగా ప్రార్థించుచున్నాను.

చట్టములు ఎచ్చట పుట్టును? అని యడిగినచో, శాసనసభలో నని మన మందరము చెప్పుదుము. ఆ భవనము మనకు దూరమైనది కాదు. 1913లో టౌన్‌హాలుగా నిర్మితమై నాంపల్లి పబ్లిక్ గార్డెన్సు చెంత తెల్లగా వెలుగుచున్నది. ఈ గౌలిగూడనుండి రెండు మైళ్ళ దూరము. కాని యచట జరుగునది నామకరణము మాత్రమే; పురుడు వేఱొక చోట జరుగును. తరతరములుగా పల్లెపల్లెను పురుళ్ళు పోసిన తల్లులు గల కులము మనది. పురిటింటి సంగతి తెలియక, నామకరణోత్సవమున కేగి పదిమందితోపాటు అక్షతలు చల్లి వచ్చినంత మాత్రమున బిడ్డ యారోగ్యము తెలియదని మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు. శాసనసభ్యుడు ప్రజలచే ఎన్నుకొనబడినవాడే కాని సర్వజ్ఞుడు కాడు. ఒక యూనిటు విద్యుత్తు పుట్టించుటకు ఎంత వ్యయమగునో, ఏ కులమువారి బిడ్డలు బడి మానుచున్నారో, అతడు తానుగా లెక్కించి తెలిసికొనజాలడు. ఆ లెక్క తెలిసికొని, పరిస్థితి యిది, చేయదగిన దిది, అని చెప్పుటకే ఈ సలహామండళ్ళు ఏర్పడినవి. సలహా చెప్పువానికి సమాచారము నిచ్చువాడెవ్వడో, వాని మాటయే తుదకు శాసనమున ప్రతిధ్వనించును. నేడు నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క వాక్యమునకు వ్యాఖ్యానమే.

సలహాకు గల శక్తిని తెలిసికొనుటకు మన మెచ్చటికో పోనక్కఱలేదు. ఈ పేట ప్రక్కనే మూసీనది పారుచున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఆ నది పొంగి నగరమున వేలకొలది ప్రాణములను బలిగొన్నది. ఆనాటి నిజాము ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రావించి, కర్తవ్యమేమని యడిగెను. ఆయన నదిని చూచి, ఎగువ చెఱువులు తెగిన తీరును విచారించి, వానల లెక్కలను పరిశీలించి, నగరమున కెగువన జలాశయములు కట్టుట యుక్తమని సలహా చెప్పెను. 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తియైనవి. వరద నాపుటకై తలపెట్టిన కట్టలే తరువాత నగరవాసుల దాహమును తీర్చినవి. ఆయన రాజు కాడు, మంత్రి కాడు. ఆయన చేతిలో నున్నది కొలత యొక్కటే. కొలతతో కూడిన సలహా కనుక నది నిలిచినది.

ఈ పరిసరములందే జరిగిన మఱియొక సంగతిని గూడ జ్ఞప్తికి తెచ్చెదను. 1921 నవంబరులో వివేకవర్ధినీ నాటకశాలయందు, కర్వే పండితుని అధ్యక్షతను నిజాము రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగినది. ఇతర భాషలలో ప్రసంగించిన వారిని ఓపికతో విన్న సభ్యులు, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడ నారంభించినంతనే అల్లరి చేసి ఆయనను సాగనీయలేదు. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినదని మీరెఱుగుదురు. మాట వినిపించుకొనుటకు సంఘము కావలయునని మన పూర్వులు ఆనాడే గుర్తించిరి. నాడు చెప్పవలసిన మాట యుండియు వినువారు లేరు. నేడు చట్టమే వినుమని యాజ్ఞాపించిన మండళ్ళు గలవు. వాని యెదుట నిలిచి తెలుగున మాటాడినచో ఎవ్వరును అల్లరి చేయరు. కాని మాట తీసికొని పోవువారు కొఱవడిరి.

ఇక సాంఘిక సంక్షేమ విషయమునకు వత్తము. మనము వెనుకబడిన తరగతులలో ‘ఎ’ వర్గమునకు చెందినవారము. ఈ యక్షరము మనకెట్లు వచ్చినదో మన యువకులలో అనేకులకు తెలియదు. 1966లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వెనుకబడిన తరగతుల జాబితా నొకదానిని ప్రకటించెను. హైకోర్టు దానిని కొట్టివేయగా, 1968 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపఱచెను. కారణమేమి? సాంఘిక సంక్షేమశాఖ, న్యాయశాఖల యధికారుల ఆలోచన తీసికొంటిమని ప్రభుత్వము చెప్పినది గాని, ఏ విచారణ జరిపి, ఏ యాధారముల ననుసరించి ఆ కులములను జాబితాలో చేర్చితిమో న్యాయస్థానమునకు చూపలేకపోయెను. ఆ కులములు వెనుకబడినవి కావని తీర్పు చెప్పలేదు. ఆధారము చూపలేదని మాత్రమే చెప్పినది. ఆధారము లేని సలహా వలన మన పూర్వతరము విద్యార్థులకు అందవలసిన చోట్లు అందకుండ పోయినవి.

ఆ దెబ్బ తగిలిన పిమ్మట 1968లోనే ఒక కమీషను ఏర్పడినది. విశ్రాంత ఐ.సి.యస్. అధికారియగు అనంతరామన్‌గారు దాని కధ్యక్షులై, జిల్లాలు తిరిగి, సాక్ష్యములు విని, 1970 జూనులో నివేదిక సమర్పించిరి. దానిపై ఆ సంవత్సరము సెప్టెంబరులో ప్రభుత్వము ఉత్తరువు నిచ్చెను. నూటికి 25 చోట్లు వెనుకబడిన తరగతులకు కేటాయింపబడి, అవి నాలుగు వర్గములకు పంచబడినవి: ‘ఎ’ వర్గమునకు 7, ‘బి’కి 10, ‘సి’కి 1, ‘డి’కి 7. ఈ యుత్తరువు కూడ న్యాయస్థానముల మెట్లెక్కినది. హైకోర్టు కాదన్నను, 1972లో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టెను. నాలుగేండ్లలో వచ్చిన రెండు తీర్పులను ప్రక్కప్రక్కన బెట్టి చూడుడు. రాష్ట్రము అదియే, దారిద్ర్యము అదియే, న్యాయస్థానము అదియే. మారినది ఒక్కటి: మొదటిసారి విచారణ లేదు, రెండవసారి విచారణ యున్నది. ఆ విచారణయందు తమ గ్రామముల దుస్థితిని చెప్పుకొన్న వారి పేర్లు నేడు మనకు తెలియవు. కాని వారి సాక్ష్యము మీదనే మనము నేటికిని నిలిచియున్నాము.

1992 నవంబరులో మండల్ కేసు తీర్పునందు సుప్రీంకోర్టు, ఇట్టి విచారణసంఘములు కేంద్రమునను రాష్ట్రములందును శాశ్వతముగా నుండవలయునని యాదేశించెను. వాని సలహా సాధారణముగా ప్రభుత్వమునకు శిరోధార్యము కావలయుననియు చెప్పెను. దాని ననుసరించియే 1993లో ఆంధ్రప్రదేశమున వెనుకబడిన తరగతుల కమీషను చట్టము వచ్చినది. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట 2016లో ఇచటను కమీషను నియమింపబడినది. కేంద్ర ప్రభుత్వము 2017లో జస్టిస్ రోహిణిగారి యధ్యక్షతను నియమించిన కమీషను, వెనుకబడిన కులములలో ఎవరికెంత దక్కినదో లెక్కించి చూడగా, ఉద్యోగములలోను విద్యాలయ ప్రవేశములలోను నూటికి 97 పాళ్ళు ఆ కులములలో నాల్గవవంతునకే పోయినవనియు, 983 కులములకు ఒక్క చోటైనను దక్కలేదనియు తేలినది. చిన్నకులముల కష్టము పెద్ద మొత్తములో మునిగిపోవునని దీనివలన తెలియుచున్నది. ఈ సత్యమును 1970లోనే గుర్తించి తరగతులను వర్గములుగా విభజించిన రాష్ట్రములలో మనది యొకటి యగుట సంతోషకరము.

తెలంగాణ ప్రభుత్వము 2024 చివర జరిపిన యింటింటి సర్వేలో వెనుకబడిన తరగతులు నూటికి 56 పాళ్ళకు మించినట్లు 2025 ఫిబ్రవరిలో ప్రకటించినది. మార్చిలో శాసనసభ నూటికి 42 చోట్ల బిల్లులను ఆమోదించినది. స్థానికసంస్థల విషయమై వెలువడిన యుత్తరువును ఆ యక్టోబరులో హైకోర్టు నిలిపివేసినది. ఈ వివాదమున నేను పక్షము వహింపను. నేనడుగున దొక్కటే. ఆ 56లో మన మెంత? మనలో పదవతరగతి దాటిన బాలికలెందఱు? సొంత కొట్టుగలవారెందఱు? కులవృత్తి విడిచి కూలికి పోవువారెందఱు? రేపు కమీషనువారు మన సంఘమునకు జాబు వ్రాసి యడిగినచో, మన కార్యదర్శిగారు ఏ పుస్తకము తెఱచి చూపగలరు?

ఇక విద్యుత్తు సంగతి. ఇందు మన వృత్తికి ప్రత్యక్షసంబంధము గలదు. పూర్వము పొది చంకబెట్టుకొని యింటింటికి పోవునపుడు కత్తి, కత్తెర, దువ్వెన, చిన్న యద్దము ఉన్న చాలును. నేడట్లు కాదు. దీపములు, పంఖాలు, వేణ్ణీళ్ళ యంత్రము, జుట్టు కత్తిరించు యంత్రము, ఆరబెట్టు యంత్రము, పెద్ద కొట్లలో చల్లదనపు యంత్రము, ఇన్నియు తీగ మీదనే యాధారపడి యున్నవి. కరెంటు పోయిన నాడు క్షౌరశాల తలుపు తెఱచియున్నను మూసినట్లే.

ఈ విద్యుత్తునకు ధర నిర్ణయించునది ఎవరు? పూర్వము ప్రభుత్వమును, విద్యుత్ బోర్డును నిర్ణయించుచుండెడివి. 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టము 1999 ఫిబ్రవరిలో అమలునకు వచ్చి, బోర్డును విడదీసెను. ఆ సంవత్సరమే విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడినది. నాంపల్లికి చేరువనే, రెడ్‌హిల్సులోని సింగరేణి భవనమున ఆ కార్యాలయము చాలకాల ముండెను. తెలంగాణమునకు 2014లో వేఱుగా మండలి వచ్చినది. ఈ ధరలు వట్టి కాగితపు లెక్కలని ఎవరైన అనుకొన్నచో, 2000 ఆగస్టు 28వ తేదీని స్మరింపవలయును. ఆ యేడు పెరిగిన ఛార్జీలకు నిరసనగా శాసనసభవైపు బయలుదేరిన జనముమీద, ఇచటికి చేరువనున్న బషీర్‌బాగులో పోలీసులు కాల్పులు జరిపిరి. ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. పైసలలో వ్రాయు అంకె వెనుక నింత వేదన యున్నది.

2003 నాటి విద్యుత్ చట్టము ఈ మండలికి అప్పగించిన పనులలో రెండు మనకు ముఖ్యమైనవి. ఒకటి, ధర నిర్ణయించుట. రెండవది, ప్రభుత్వమునకు సలహా చెప్పుట. 86వ సెక్షనులో నిది స్పష్టముగా నున్నది. మండలి సాంవత్సరిక నివేదిక శాసనసభ ముందుంచబడును. మండలికే సలహా చెప్పుటకు 87వ సెక్షను క్రింద వేఱొక సలహాసంఘము గలదు. అందు 21 మందికి మించకుండ వర్తకులు, పరిశ్రమలవారు, కర్షకులు, కార్మికులు, వినియోగదారులు మొదలైనవారి పక్షమున సభ్యులుందురు. మఱి ధర నిర్ణయించుటకు ముందు పంపిణీ సంస్థలు తమ జమాఖర్చులను మండలి ముందుంచవలయును. ఆ సంగతి పత్రికలలో ప్రకటింపవలయును. ప్రజల సూచనలను, అభ్యంతరములను స్వీకరింపవలయును. అభ్యంతరము వ్రాసి, దాని ప్రతిని పంపిణీ సంస్థకు గూడ పంపి, ‘నేను స్వయముగా మాటాడగోరుచున్నాను’ అని తెలిపినవారిని బహిరంగ విచారణలో విందురు. పంపిణీ సంస్థ సమాధానము చెప్పవలయును. మండలి తన యుత్తరువులో ఆ యభ్యంతరమును, సమాధానమును, తన యభిప్రాయమును వ్రాయును. ఇంత విశాలమైన ద్వారము మఱియొక కార్యాలయమున సామాన్యునికి దొరకుట అరుదు.

‘మనవంటి చిన్నసంఘము మాట ఎవరు విందురు?’ అని మీలో కొందఱికి తోచవచ్చును. దీనికి సమాధానము మన వృత్తిలోనే యున్నది. తెలంగాణ మండలివారి ధరల పట్టికలో గృహేతర వర్గమున ‘హెయిర్ కటింగ్ సెలూన్లు’ అని మన వృత్తిపేరనే యొక యుపవర్గ మేర్పడినది. నెలకు 200 యూనిట్ల వరకు వాడు కొట్లకు అది వర్తించును. వేలకోట్ల రూపాయల లెక్కలున్న గ్రంథములో మన కొట్టునకు ఒక పంక్తి దొరకినది. అట్లు చేయుటకు చట్టము అనుమతించునా? అనుమతించును. వినియోగదారులలో ఎవరికిని అనుచితమైన పక్షపాతము చూపరాదని 62వ సెక్షను చెప్పుచునే, విద్యుత్తు నే ప్రయోజనమునకు వాడుచున్నారో దానిని బట్టి భేదము చూపవచ్చునని యనుమతించినది. కనుక మనము దయ నడుగనక్కఱలేదు. ప్రయోజనమును నిరూపించిన చాలును.

ఇక ఉచిత విద్యుత్తు. 2021 ఏప్రిల్ 1వ తేదీ మొదలు క్షౌరశాలలకును, రజకసోదరుల లాండ్రీలకు, ధోబీఘాట్లకును నెలకు 250 యూనిట్ల వరకు ఉచితముగా నిచ్చునట్లు తెలంగాణ ప్రభుత్వము ఉత్తరువు చేసినది. ఈ మేలును మన మందరము కృతజ్ఞతతో స్వీకరించితిమి. కాని దాని స్వరూపమును తెలిసికొనుట అవసరము. ఉచితమనగా విద్యుత్తునకు ధర లేదని కాదు. ఆ ధరను మనకు బదులు ప్రభుత్వము చెల్లించునని యర్థము. 65వ సెక్షను ప్రకారము, ఏ వర్గమునకైనను ప్రభుత్వము రాయితీ ఇయ్యదలచినచో, ఆ సొమ్మును ముందుగా పంపిణీ సంస్థకు చెల్లింపవలయును. చెల్లింపు జరుగనిచో ఆ యుత్తరువు వర్తింపదనియు, మండలి ఆ విషయమై యుత్తరువు నిచ్చిన తేదీనుండి మండలి నిర్ణయించిన పూర్తి ధరయే వర్తించుననియు చట్టమే చెప్పుచున్నది. అనగా, ఒక కార్యాలయములో మన మేలునకై వ్రాసిన యుత్తరువు వేఱొక కార్యాలయములో బిల్లు మంజూరగుటపై నాధారపడి యున్నది. ఆ చెల్లింపు సకాలమున జరుగుచున్నదా యని విచారణలో అడుగు హక్కు మనకున్నది. ఆ ప్రశ్న నడిగి, జవాబును రికార్డులో కెక్కించుట మన సంఘము పని.

మఱియొక సూక్ష్మమును గమనింపుడు. ధరల పట్టికలో 200 యూనిట్లు. సంక్షేమపు టుత్తరువులో 250 యూనిట్లు. ఒకే కొట్టును రెండు కొలతలతో కొలచుచున్నారు. ఈ రెంటిలో ఏది మన నిజస్థితికి దగ్గర? చిన్న కొట్టు మాఘమాసములో ఎన్ని యూనిట్లు వాడును? ఎండకాలమున, పెండ్లిండ్ల ముహూర్తములలో ఎన్ని వాడును? ఒక్క నెల పరిమితి దాటినచో ఆ కొట్టు కెంత భారము పడును? అద్దెకొట్టులో మీటరు యజమాని పేరనున్నచో, రాయితీ మన వానికి చేరుట కేమి చేయవలయును? సౌందర్యశాలలు నడపు మన సోదరీమణుల కొట్లు ‘సెలూను’ అను పదములో చేరునా, చేరవా? ఈ ప్రశ్నలకు సమాధానము సచివాలయమున లేదు, శాసనసభలో లేదు, పంపిణీ సంస్థలోను లేదు. మన కొట్లలో, అద్దముల వెనుక దోపిన బిల్లులలో నున్నది.

సలహామండళ్ళు సర్వరోగనివారిణులని నేను చెప్పుట లేదు. సలహా ఆజ్ఞ కాదు. ప్రభుత్వము వినవచ్చును, వినకపోవచ్చును. ప్రజాప్రయోజనము పేర మండలికి విధానాదేశము లిచ్చు నధికారమును గూడ చట్టము ప్రభుత్వమునకు ఒసగినది. ఒక్కొక్కప్పుడు మండలి పనియే మందగించును. తెలంగాణమున 2018 మార్చిలో వెలువడిన రిటైలు ధరల యుత్తరువు పిమ్మట, మరల 2022 మార్చి వఱకు అట్టి యుత్తరువు రాలేదు. అంతవఱకు పాతధరలే సాగినవని సంతోషించినవారు కలరు. కాని ప్రతియేడును జరుగవలసిన విచారణ జరుగనందున పంపిణీ సంస్థల లెక్కల నడుగు నవకాశము ప్రజలకు పోయినది; చివరకు 2022లో ధరలు ఒక్కసారిగా పెరిగినవి. అడుగువారు లేని యింట లెక్క పెరుగును. కాబట్టి విచారణ జరుగవలయునని కోరుటయు మన కర్తవ్యమే.

ఈ సందర్భమున సంఘము ఆలోచనకై కొన్ని సూచనలు మనవి చేయుచున్నాను. మొదటిది: ప్రతి సభ్యుడును తన కొట్టు విద్యుత్ బిల్లులను పండ్రెండు నెలలు భద్రపఱచవలయును. చించివేసిన బిల్లు మన సాక్ష్యమును చించివేసినట్లే. రెండవది: ప్రతి పేటనుండియు కొన్ని కొట్ల బిల్లులను సేకరించి, నెలవారీ యూనిట్లు, కొట్టు విస్తీర్ణము, కుర్చీల సంఖ్య, అద్దెయా సొంతమా అను వివరములతో సంఘము ఒక పట్టిక తయారు చేయవలయును. ఇందు అతిశయోక్తి తగదు. ఒక్క తప్పుడంకె దొరకినచో తొంబదితొమ్మిది నిజములు అనుమానమున పడును. మూడవది: విచారణ ప్రకటన పత్రికలలో వచ్చినంతనే, గడువు లోపల, తెలుగులోనే రెండు పుటల అభ్యంతరపత్రము వ్రాసి పంపవలయును, ఒకరు పోయి మాటాడవలయును. కేకలు వేయుటకు కాదు. పట్టిక చూపి ప్రశ్న వేయుటకు. నాలుగవది: వినియోగదారుల పక్షమున సలహాసంఘమునందు చిన్న వృత్తులవారికి స్థానము నీయవలెనని అర్జీ పెట్టవలయును. ఈ విషయమున రజకసోదరులును, ఇతర వృత్తులవారును మనతో కలిసినచో బలము హెచ్చును. ఒక కులము మాటకంటె నాలుగు వృత్తుల మాట బరువైనది. అయిదవది: వెనుకబడిన తరగతుల కమీషను ముందుంచుటకు మన కుటుంబముల విద్య, వృత్తి, ఋణము మొదలగువాని వివరములతో ఒక పుస్తకము సంఘకార్యాలయమున నుండవలయును, అందు వ్యక్తుల పేర్లు బయటికి పొక్కకుండ కాపాడవలయును.

పోషకమహాశయులకు ప్రత్యేకముగా ఒక మనవి. మహాసభ పందిరికి, పూలదండలకు, విందునకు మీరుదారముగా విరాళములిచ్చుచున్నారు. అవి సభకు శోభయే. వానితోపాటు, చదువుకొన్న మన యువకుని నొక్కని, లెక్కలు వ్రాయుటకును అర్జీలు సిద్ధపఱచుటకును, సంవత్సరము పొడవున వేతనమిచ్చి నియమించుటకు సాయము చేయుడు. పందిరి రెండు దినములు నీడ నిచ్చును. ఆ గుమాస్తా వ్రాసిన పట్టిక మండలివారి యుత్తరువులో ఒక్క పంక్తిగా నిలిచినను, రాష్ట్రమందలి ప్రతి చిన్న కొట్టునకును అది నీడ యగును.

యువకులారా! మీలో న్యాయశాస్త్రము, గణితము, ఇంజనీరింగు చదివినవారు నేడు కలరు. మీ తాతలు పది గ్రామముల సంగతులు వినిరి. ఏ యింట రోగమో, ఏ యింట పెండ్లియో ముందుగా వారికే తెలియుచుండెను. రచ్చబండపై పెద్దలు తగవు తీర్చుటకు ముందు ఊరి నాడి నెఱిగినవానిగా మీ తాత నడిగి తెలిసికొనుట కలదు. ఆ పాండిత్యము మన నెత్తుటిలో నున్నది. దానికి కాగితమును, అంకెను, గడువును జోడించుట మాత్రమే మీరు నేర్వవలసినది.

సోదరులారా! చట్టము వచ్చిన పిమ్మట దండము పెట్టుటయు, దండెత్తుటయు సులభము. చట్టమునకు ముందు శాంతముగా, సత్యముగా, సాక్ష్యముతో ఒక మాట చెప్పుట కష్టము. కాని ఫలమిచ్చునది అదియే. 1966 నాటి ఆధారములేని జాబితా కూలినది. 1970 నాటి విచారణగల నివేదిక నిలిచినది. ఈ భేదమును మఱవకుందుము గాక! వచ్చు మహాసభ నాటికి మన కార్యదర్శిగారి నివేదికలో, ఎన్ని సభలు జరిపితిమను లెక్కతోపాటు, ఎన్ని విచారణలకు పోతిమి, ఏమి చెప్పితిమి, ఏమి సమాధానము వచ్చినది అను పుట యొకటి చేరునుగాక యని ఆకాంక్షించుచున్నాను.